పాట కోసం కాచుకున్న వీధి

మా ఇంట్లో గోడ క్యాలెండరు మీద సున్నాలు చుట్టేది మా ఆవిడ ఒక్కతే. గ్యాస్ బండ వచ్చిన రోజు, పాలవాడు నాగా పెట్టిన రోజు, ఏకాదశి. ఈ 2023 ఫిబ్రవరి 16 గురువారం, మాఘ బహుళ ఏకాదశి. ఆ అంకె చుట్టూ ఈసారి రెండు సున్నాలున్నాయి. నీలం సిరాది ఆవిడది. ఎర్ర సిరాది మా మనవడిది. వాడు చుట్టింది ఉపవాసం కోసం కాదు. ఆ రోజు 'థియేట్రిథమ్ ఫైనల్ బార్ లైన్' అనే జపాన్ ఆట వస్తుంది. ఆ కబురు పోయిన సెప్టెంబరులో తెలిసింది. అప్పట్నుంచి అయిదు నెలలుగా మా తొండియార్‌పేట ఇంట్లో ఆ పేరు వినని పూట లేదు.

ఏమిటిరా అంత ఇది అని కూర్చోబెట్టి అడిగాను. ఓపిగ్గానే చెప్పాడు. ఫైనల్ ఫాంటసీ అని 1987లో జపాన్‌లో పుట్టిన ఆట ఒకటుంది. తర్వాత వరసగా చాలా వచ్చాయి. ఆడేవాడే అందులో వీరుడి వేషం కడతాడు. ఊళ్ళు తిరుగుతాడు, కత్తులు కొంటాడు, మంత్రాలు నేరుస్తాడు, గుహల్లోకి దిగి రాక్షసుల్ని చంపుతాడు. ఒక్కో ఆట ముగియడానికి నెలలు పట్టొచ్చు. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. దారి పొడుగునా వెనకాల సంగీతం మోగుతూ ఉంటుంది. అడవికొకటి, ఊరికొకటి, యుద్ధానికొకటి. ఆ సంగీతాన్నంతా ఏరి ఒకచోట కుప్పపోసి, దానికి మన చేత తాళం వేయించేదే ఈ కొత్త ఆట. ఈ తాళం ఆటల్లో మొదటిది 2012 ఫిబ్రవరి 16న జపాన్‌లో వచ్చింది. సరిగ్గా పదకొండేళ్ళకి, అదే తేదీకి ఇది. మొత్తం 385 పాటలు.

వాడి సరదా నాకు అర్థం కాకపోలేదు. వాడు కాచుకునే పద్ధతే నాకు నచ్చలేదు.

వాడికి అన్నీ ముందే తెలుసు. ఏ రోజు వస్తుందో తెలుసు, ఏ గంటకి తెరుచుకుంటుందో తెలుసు. ఆ 385 పాటల పేర్లూ ఫోన్లో ఉన్నాయి, తనకిష్టమైన వాటికి గుర్తులు కూడా పెట్టుకున్నాడు. ఒకటో తేదీన రుచి చూడమని ఓ ముప్ఫై పాటలు ఉచితంగా వదిలారు. అవన్నీ ఆడేశాడు. రెండు చెవులకీ డిప్పలు తగిలించుకుని, తలుపు దగ్గరగా వేసుకుని, ఒక్కడే కూచుంటాడు. ప్రపంచంలోకెల్లా గొప్ప సంగీతం అంటాడు దాన్ని. ఆ సంగీతంలో మా ఇంటిల్లిపాదికీ వినబడేది బటన్ల టకటక మాత్రమే.

గోడవతల టకటక నాకు కొత్త కాదు. నేను పుట్టింది 1948లో, ఈ పేటలోనే. అప్పుడు మా వీధిలో గుంట మగ్గాలుండేవి. ఉత్తర మద్రాసులో ఇటు తొండియార్‌పేట, అటు చాకలిపేట, కొరుక్కుపేట చేనేతవాళ్ళ పేటలు. జస్టిస్ పార్టీ పెట్టిన పిట్టి త్యాగరాయ చెట్టిగారు ఈ వైపు దేవాంగుల బిడ్డే. ఆయన పేరిటే 1950లో చాకలిపేటలో త్యాగరాయ కాలేజీ వచ్చింది. మా ఇంటి గోడకి అవతలి మగ్గం తెల్లవారుజామున మొదలయ్యేది. కాలు తొక్కుడు, నాడె విసురు, పలక దెబ్బ. మళ్ళీ తొక్కుడు, విసురు, దెబ్బ. నేస్తున్నది తండ్రో కొడుకో దెబ్బని బట్టి చెప్పేది మా అవ్వ. లయ ఆగితే "పోగు తెగిందిరా పాపం" అనేది, పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా. ఆ చప్పుడు అందరిదీ. ఇప్పుడు పక్కగదిలో నా మనవడి వేళ్ళు మోగుతుంటే వాడు ఏ పాటలో ఉన్నాడో నాకు తెలీదు. నా కడుపులో కష్టం అక్కడే.

మా రోజుల్లో పాట కోసం కాచుకోవడం వీధి పని.

మా వీధి మొత్తానికి రేడియోలు మూడు. ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టి పెట్టుకోవాలి. అందుకని, ఉన్నవాళ్ళు దాన్ని అపురూపంగా గుడ్డ కప్పి ఉంచేవాళ్ళు. మద్రాసు కేంద్రం ఉండేది సరే, సినిమా పాటలకి మాకు దిక్కు సిలోన్ రేడియో. తెలుగు పాటల వేళకి ఆ మూడిళ్ళ అరుగులూ నిండిపోయేవి. ఏ పాట వేస్తారో ఎవరికీ తెలియదు. కొత్త సినిమా పాట ఇవాళ వస్తుందేమోనని వారం రోజులు కూచున్నా రాకపోవచ్చు. వచ్చిందంటే మూడు నిమిషాలు. డెబ్బై ఎనిమిది చుట్ల రికార్డులో ఒక వైపు పట్టేది అంతే. ఆ మూడు నిమిషాల్లో కూడా షార్ట్‌వేవ్ అలలా ఎగిసి పడేది. పల్లవి స్పష్టంగా వినిపించి, మొదటి చరణం దగ్గరికొచ్చేసరికి సముద్రంలో మునిగినట్టు మునిగి, రెండో చరణం సగంలో పైకి తేలేది. మళ్ళీ వినాలంటే మీట లేదు. మళ్ళీ ఎప్పుడు వేస్తారో, అప్పటిదాకా ఆగాల్సిందే.

పాట అయిన తర్వాతే అసలు పని. మా రేడియోలో మునిగిన ముక్క ఎదురింటి రేడియోలో పట్టుబడేది. వాళ్ళకి పోయిన మాట మూలింటి అమ్మాయి చెవిన పడేది. ఆ అమ్మాయి బళ్ళో వాడిన నోటుపుస్తకం వెనక పేజీల్లో పాటలు రాసేది. ఒక అరుగు మీది నుంచి ఇంకో అరుగు మీదికి ఆ పుస్తకం తిరిగేది. ఇక్కడో మాట, అక్కడో మాట, ఖాళీ వదిలిన చోట చుక్కలు. మూడు నాలుగు ప్రసారాలు గడిస్తేగాని ఒక పాట పూర్తయ్యేది కాదు. ఒకసారి ఒక్క మాట దగ్గర రెండిళ్ళకి వాదన పడింది. 'వేళ' అని ఒకరు, 'వేల' అని ఒకరు. అది ఎన్నాళ్ళకీ తేలలేదు. చివరికి బెజవాడ నుంచి పెళ్ళికొచ్చిన చుట్టం సంచిలోంచి ఆ సినిమా పాటల పుస్తకం తీశాడు. పలచటి కాగితం, ముందు సగం కథ, కథ మంచి పట్టులో ఉండగా 'తరువాయి వెండితెర మీద' అని ఆపేసేవాళ్ళు. ఆ పుస్తకం చుట్టూ వీధివీధంతా చేరింది. సినిమా తీసింది వడపళనిలో, ఘంటసాలవారు పాడింది ఈ మద్రాసులోనే, ఇక్కడికి పది మైళ్ళు ఉంటుందేమో. మాట తేలింది మాత్రం బెజవాడ నుంచి. అలా కష్టపడి కూర్చుకున్న పాటలో ఒక్క అక్షరం కూడా ఈ డెబ్బై అయిదేళ్ళ వయసులో నన్ను వదిలిపోలేదు.

ఈ మాట చెబితే, "తాతా, నాక్కూడా అవన్నీ నోటికొచ్చు, వాటికి మాటలే లేవుగానీ" అన్నాడు మనవడు. అని, ఒకటి పలికి చూపించాడు. మెట్లెక్కినట్టు కింద నుంచి పైకి, పై నుంచి కిందికి, మళ్ళీ కింద నుంచి. మొదటి ఫైనల్ ఫాంటసీ నుంచీ ఉన్న ఎత్తుగడ అది. కట్టినాయన పేరు నోబువో ఉయెమాట్సు. సంగీతం గురుముఖతః నేర్చుకున్నవాడు కాదు, తనంతట తాను సాధించాడు. 1987 నాటి ఆ యంత్రానికి ఉన్నవి అయిదే గొంతులు. స్వరం పలికేవి మూడు, దుమ్ము రాలినట్టు బుస్సుమనేది ఒకటి, చిన్న చిన్న శబ్దాలు దాచుకునేది ఒకటి. ఆ అయిదింటిలోంచి ఆయన ఓ లోకాన్ని లేపి నిలబెట్టాడు. ఆ మాట విన్నాక ఆయన మీద నాకు గౌరవం పుట్టింది. నాదస్వరం, డోలు, శ్రుతి, తాళం, ఈ నాలుగింటితో తెల్లవార్లూ ఊరేగింపు నడిపిన మేళగాళ్ళని చూసినవాణ్ణి. తక్కువ సరంజామాతో ఎక్కువ చెప్పినవాళ్ళంటే నాకు తగని ఇష్టం. వాడి మెట్ల పాటకి ఆది తాళం వేసి చూశాను. చక్కగా కూచుంది.

అసలు ఆ ఆటల కథ కూడా మనకి కొత్తదేం కాదు. 1951లో వచ్చిన పాతాళభైరవి తీసుకోండి. తోటమాలి కొడుకు రాకుమారిని కోరతాడు, తనతో సరితూగే సిరి తెమ్మంటాడు రాజు, వీడు మాంత్రికుడితో కలిసి బయల్దేరతాడు, పరీక్షలు దాటుతాడు, కోరింది ఇచ్చే బొమ్మని సాధిస్తాడు, పోగొట్టుకుంటాడు, మళ్ళీ సాధిస్తాడు. మా మనవడి ఆట కూడా అంతే కదా! నేను దాన్ని చూసింది తర్వాత ఎన్నడో మళ్ళీ ఆడినప్పుడు, పదేళ్ళప్పుడు. ఇంటికొచ్చి కట్టె కత్తులతో ఆ కథంతా మళ్ళీ ఆడుకున్నాం. మాకు వెనకాల సంగీతం మోగించే యంత్రం లేదు కాబట్టి ఒకడు ఖాళీ కిరసనాయిలు డబ్బా పట్టుకుని పక్కన కూచునేవాడు. గుహలోకి దిగేటప్పుడు మెల్లగా, కత్తి దూసేటప్పుడు జోరుగా. ఎక్కువసార్లు ఆ డబ్బా నా చేతిలోనే ఉండేది. అది చూసే మా నైనా నన్ను మృదంగం అయ్యవారి దగ్గర పెట్టాడు.

అయ్యవారు నాలుగు నెలలు మృదంగం తాకనివ్వలేదు. త ది తొం నం నోటితో పలకడం, తొడ మీద తాళం వేయడం. ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క, మళ్ళీ దెబ్బ విసురు, దెబ్బ విసురు. ఎనిమిది. ఒకటో కాలంలో, రెండో కాలంలో, మూడో కాలంలో. చెయ్యి మాత్రం అదే నడకలో ఉండాలి, నోరు రెండింతలు, నాలుగింతలు పరిగెత్తాలి. "చెయ్యి చూసుకోకు, లోపల విను" అనేవాడు. తప్పితే ఏమీ అనడు. తాళం ఆపేసి వీధిలోకి చూస్తూ కూచుంటాడు. ఎక్కడ తప్పిందో నాకు నేనే వెతుక్కోవాలి. దొరికేదాకా ఆయన చెయ్యి లేవదు.

మా మనవడి ఆటలో నాలుగు గీతల మీద గుర్తులు జారుకుంటూ వస్తాయి. ఎర్రదైతే నొక్కాలి, పచ్చదైతే నొక్కి పట్టాలి, పసుపుదైతే బాణం చూపించిన వైపు పుల్ల తిప్పాలి. నొక్కీ నొక్కగానే యంత్రం తీర్పు చెప్పేస్తుంది. క్రిటికల్, గ్రేట్, గుడ్, బ్యాడ్, మిస్. కన్ను రెప్ప వేసేలోగా తీర్పు. తప్పు ఎక్కడుందో వెతుక్కునే పని వాడికి లేకుండా చేసింది. ఆ వెతుకులాటే కదా చదువంటే! పైగా మన సంప్రదాయంలో పాట తాళంతో కలిసి ఎత్తుకుంటే సమం, తాళానికి ముందే ఎత్తుకుంటే అతీతం, తాళం మొదలయ్యాక ఎత్తుకుంటే అనాగతం. ముందూ వెనకా కూడా విద్యే. దెబ్బ వదిలేసి, ఆ ఖాళీ మీద పాటని నిలబెట్టడం ఎంత గొప్ప సంగతి! ఇక్కడికి నాలుగైదు కిలోమీటర్లలో ఉన్న తిరువొత్తియూరుకి త్యాగరాజస్వామి స్వయంగా వచ్చారు. శిష్యుడు వీణ కుప్పయ్యర్‌గారి ఊరు అది. అక్కడి త్రిపురసుందరి మీద అయిదు కీర్తనలు కట్టారు, అయిదూ తెలుగులోనే. శుద్ధసావేరిలో 'దారిని తెలుసుకొంటి' వాటిల్లో ఒకటి. మా పేటకి పేరిచ్చాడని చెప్పుకునే కుణంగుడి మస్తాన్ సాహెబు కూడా ఆ కాలం వాడే. తొండి వైపు నుంచి వచ్చాడు కాబట్టి తొండియార్ అన్నారనీ, ఆయన ఉన్న చోటు తొండియార్‌పేట అయిందనీ జనం మాట. ఆయనా పాటలు కట్టినవాడే, అరవంలో. ఇలాంటి నేల మీద పుట్టి, తాళమంటే జారే గుర్తుని పట్టుకోవడమే అనుకుంటే నాకు బాధగా ఉండదా?

ఈ మధ్య ఒకరోజు వాడు టీవీ ముందు కూచుని అదేదో సరిచేస్తున్నాడు. ఏమిట్రా అంటే, బొమ్మకీ చప్పుడికీ మధ్య టీవీ కొంచెం ఆలస్యం చేస్తుంది, ఆ తేడాని కొలిచి ఆటకి చెప్పాలి అన్నాడు. నాకు వెంటనే ధనుర్మాసం భజన గుర్తొచ్చింది. తెల్లవారుజామున మంచులో వీధి వెంట పోయే భజన. వరస పొడుగైతే ముందున్న మృదంగం చప్పుడు వెనకవాళ్ళకి ఆలస్యంగా చేరేది, వాళ్ళ చప్పట్లు ఒక వీసం వెనకబడేవి, మలుపు తిరిగేసరికి పాట రెండు ముక్కలయ్యేది. దానికి మందుగా పెద్ద తాళాలు పట్టుకున్న ముసలాయన్ని వరస మధ్యలో నడిపించేవాళ్ళు. ముందువాళ్ళు ఆయన్ని వినాలి, వెనకవాళ్ళు ఆయన్ని వినాలి. ఆ సంగతి చెబితే వాడు చేతిలోది కింద పెట్టి విన్నాడు. చాలా కాలానికి వాడు నా మాట అలా విన్నాడు. "మధ్యలో ఎందుకు తాతా, ముందే నడవచ్చుగా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. వీధి పటం గీసి చూపించాను.

ఆ ఊపులోనే నేనో పని చేశాను. నా భుజం మీది తువ్వాలు తీసి టీవీ మీద కప్పాను.

"ఏం చేస్తున్నావు తాతా?"

"నీకు నోటికొచ్చన్నావుగా. చూడకుండా వెయ్యి."

చెవుల డిప్పలు కూడా తీయించి, చప్పుడు బయటికి పెట్టించాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గడప మీద నిలబడింది. పాట సగం దాకా వాడి వేళ్ళు తప్పలేదు. మెట్లు ఎక్కే చోట ఎక్కాడు, దిగే చోట దిగాడు. తర్వాత ఒకచోట చెదిరి ఆగిపోయాడు. నేను ఏమీ అనలేదు. అయ్యవారిలాగే వీధిలోకి చూస్తూ కూచున్నాను. వాడు పాట మళ్ళీ మొదట్నుంచి పెట్టుకున్నాడు, తువ్వాలు తీయకుండానే.

ఇంతలో ఈ వారం ఎలాంటి వారమో! రెండో తేదీ రాత్రి హైదరాబాదులో కె. విశ్వనాథ్‌గారు పోయారు. ఆయన తీసిన శంకరాభరణం విడుదలైంది కూడా ఫిబ్రవరి రెండునే, 1980లో. నాలుగో తేదీన ఇక్కడ నుంగంబాక్కంలో గాయని వాణీ జయరామ్‌గారు. పద్మభూషణ్ ప్రకటించి పది రోజులు దాటలేదు. శంకరాభరణానికి మహదేవన్‌గారికి, బాలసుబ్రహ్మణ్యంగారికి, ఆవిడకి, ముగ్గురికీ జాతీయ అవార్డులొచ్చాయి. ఆ ముగ్గురూ ఇప్పుడు లేరు. 1980లో నేను హార్బరులో గుమాస్తాని. ఆ సినిమాకి మొదట్లో జనం పలచగా ఉన్నారని విన్నాం. తర్వాత ఒకరికొకరు చెప్పుకోగా చెప్పుకోగా, ఈ అరవ దేశంలో తెలుగులోనే, డబ్బింగ్ లేకుండా ఆడింది. మా ఆఫీసులో తెలుగు ముక్క రాని వాళ్ళు మధ్యాహ్నం అన్నం డబ్బాల దగ్గర ఆ పాటలకి బల్లల మీద తాళం వేసేవాళ్ళు. మాటకి అర్థం నన్ను అడిగేవాళ్ళు. ఒక మాటకి అర్థం చెప్పడానికి ఒక్కోసారి భోజనం విరామమంతా సరిపోయేది. పాట వచ్చేదాకా కాచుకోవడం ఒకటి, వచ్చాక దాన్ని పదిమందీ పంచుకోవడం ఇంకొకటి. మాకు రెండూ ఉండేవి.

ఆ తర్వాత అన్నీ ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి. పాత రికార్డులు వెతుక్కునే మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయింది. బర్మా బజారులో మా అబ్బాయి కొనిపించుకున్న టీవీ ఆట పెట్టె ఏ అటక మీదో ఉంది. మా పేట అగస్త్య థియేటరు, 1967 నుంచి ఉన్నది, 2020లో మూసేశారు. పక్కింట్లో ఎవరు ఏం వింటున్నారో నాకు తెలీదు, అందరి చెవుల్లోనూ ఏదో ఒకటి ఉంటుంది.

నిన్న వాడే ఒక సంగతి చెప్పాడు. 'ఫైనల్ బార్ లైన్' అంటే పాశ్చాత్యుల స్వరలిపిలో పాట ముగిసినచోట గీసే నిలువు గీతట. నేను లేచి వెళ్ళి బీరువాలోంచి అయ్యవారు నాకు రాసిచ్చిన నోటుపుస్తకం తెచ్చాను. ఆవర్తం ముగిసిన ప్రతిచోటా రెండు నిలువు గీతలు. చూపుడు వేలితో వాటి మీద రాస్తూ చాలాసేపు చూశాడు. "ఇది కూడా అదే కదా తాతా" అన్నాడు. అదే కాదు. వాళ్ళ గీత దగ్గర పాట అయిపోతుంది. మన గీతల దగ్గర తాళం ఒక చుట్టు పూర్తయి మళ్ళీ మొదలవుతుంది. ఆ తేడా వాడికి చేత్తో వేసి చూపించాను. మూడోసారికి పట్టుకున్నాడు.

గురువారం సాయంత్రం వాడు కాలేజీ నుంచి ఆరింటికి వస్తాడు. తలుపు తీసి ఉంచాలనీ, చప్పుడు బయటికే పెట్టాలనీ ఒప్పించాను. మృదంగం కుడి మూత మార్పించి తెప్పించాను, ఎడమ వైపుకి రవ్వ పిండి తడిపి ఉంచమని మా ఆవిడకి చెప్పాను. ఉపవాసం రోజున రవ్వ తడపమంటావేమని ఒక్కసారి కసిరి, క్యాలెండరులో ఆ రెండు సున్నాల పక్కనే చిన్నగా 'రవ్వ' అని రాసుకుంది.